కళ్ళు మూసుకోమనే ముందు

(బుద్ధ పూర్ణిమ నాడు ఒక గ్రంథాలయంలో జరిగిన ప్రసంగానికి అక్షర రూపం. రికార్డింగు విని రాసి, కొద్దిగా సరిదిద్దాం.)

అందరికీ నమస్కారం. వెనక వరస వాళ్ళకి వినబడుతోందా? సరే. మైకు కొంచెం గీకుతోంది, సర్దుకోండి.

నాగార్జునకొండ మ్యూజియానికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. లాంచీ ఎక్కుతాం, శిల్పాలు చూస్తాం, ఫొటోలు దిగుతాం, పులిహోర తిని వచ్చేస్తాం. అక్కడ దొరికిన శాసనాల్లో ఒకటి బోధిసిరి అనే ఉపాసికది, అంటే సంసారంలో ఉంటూనే బుద్ధుణ్ణి నమ్మిన ఆవిడది. మూడో శతాబ్దం నాటిది. సింహళ భిక్షువుల కోసం ఆవిడ ఒక చైత్యగృహం, అంటే పూజా మందిరం, కట్టించింది. ఆ పరంపర ఆచార్యులు ధర్మాన్ని ఎక్కడెక్కడికి తీసుకెళ్ళారో అందులో చెక్కించింది కూడా. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి... ఇంకా ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఇల్లాలు చీనా దాకా లెక్క పెట్టిందంటే నాకు భలే ముచ్చటేస్తుంది. ఆ జాబితాలో ఆఫ్రికా లేదు. ఆ తర్వాత కూడా పదహారు వందల ఏళ్ళ పాటు దాదాపు లేదనే చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో శ్రీలంక నుంచి పనికి వెళ్ళినవాళ్ళు దార్-ఎస్-సలామ్‌లో ఒక ఆలయం పెట్టుకున్నారు. అది చాలావరకు వాళ్ళ కోసమే.

ఇవాళ నేను మాట్లాడబోయేది అక్కడ పుట్టి, అక్కడి మనిషిగానే భిక్షువైన ఒకాయన గురించి. దాని వెంటే ఇంకో సంగతి కూడా: యుద్ధాలు, ఊచకోతలు చూసిన మనసులకు ఈ ధ్యానం పనికొస్తుందా, వస్తే ఎలా వస్తుంది అని. నేను బౌద్ధ పండితురాలిని కాను. కౌన్సెలింగ్ చేసే మనిషిని. కాబట్టి పాళీలో ప్రశ్నలడిగి నన్ను ఇరికించకండి. (నవ్వులు)

1966లో ఉగాండా రాజధాని కంపాలాలో ఒక కాథలిక్ కుటుంబంలో స్టీవెన్ కబొగ్గోజా పుట్టాడు. నాలుగైదేళ్ళ వాడిగా ఉండగానే, 1971లో ఇదీ అమీన్ గద్దెనెక్కాడు. మనకి అమీన్ అనగానే 1972లో భారత సంతతి వాళ్ళని 90 రోజుల్లో దేశం వదిలి పొమ్మన్నవాడిగానే గుర్తు. మరి ఎక్కడికీ పోలేని ఉగాండా వాళ్ళ సంగతి? 1979లో అతను పడిపోయేదాకా చంపించినవాళ్ళ లెక్క లక్షల్లో చెబుతారు. అతను పోయాక కూడా నిమ్మళం లేదు. 1986 దాకా అంతర్యుద్ధం నడిచింది. రాత్రి తలుపు చప్పుడైతే ఇల్లంతా ఊపిరి బిగబట్టే కాలం అది. ఆ తరం పిల్లల్లో ఈయనా ఒకడు.

1990లో చదువు కోసం చండీగఢ్ వచ్చాడు, పంజాబ్ యూనివర్సిటీకి. అక్కడే చదువుకుంటున్న థాయ్ భిక్షువులతో స్నేహం కుదిరింది. బోధలు విని మారిపోయాడేమో అనుకుంటాం గానీ, ముందు పడింది స్నేహమే. వాళ్ళు కూర్చునే తీరు, నవ్వే తీరు చూసి ఇదేమిటో తెలుసుకుందామనిపించింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు దేశాలు తిరిగాడు. చివరికి 2002లో అమెరికాలోని కాలిఫోర్నియాలో బర్మా దేశపు ఆచార్యుడు ఊ సీలానంద దగ్గర ఉపసంపద, అంటే పూర్తి భిక్షువుగా దీక్ష, తీసుకుని బుద్ధరక్షిత అయ్యాడు. పాళీలో బుద్ధరక్ఖిత అంటారు. తర్వాత వెస్ట్ వర్జీనియాలోని భావనా సొసైటీలో, శ్రీలంకకు చెందిన గుణరతన భంతే దగ్గర ఏళ్ళ తరబడి ఉన్నాడు. దారి చూడండి: ఉగాండా వాడు, ఇండియాలో థాయ్ వాళ్ళని కలిసి, అమెరికాలో బర్మా గురువు చేతుల మీదుగా భిక్షువై, సింహళ గురువు దగ్గర నేర్చుకున్నాడు. బోధిసిరి ఉంటే శాసనానికి ఇంకో రాయి తెప్పించేది. (నవ్వులు)

భిక్షువు కావడం అంటే ఏమిటో ఇక్కడ కాస్త చెప్పాలి. మనకి సినిమాల్లో చూపించేది గుండు, కాషాయం, వెనక ఫ్లూటు. అసలు తంతు ఆఫీసు ఇంటర్వ్యూలా ఉంటుంది. ముందు పది శీలాలతో, అంటే పది నియమాలతో, శ్రామణేరుడు అవుతారు, ఇంకా నేర్చుకునే దశ అన్నమాట. ఉపసంపద రోజు సంఘం ముందు నిలబెట్టి ప్రశ్నలడుగుతారు. నువ్వు మనిషివేనా? ఫలానా ఫలానా రోగాలు ఉన్నాయా? అప్పులేమైనా ఉన్నాయా? రాజుగారి కొలువులో లేవు కదా? తల్లిదండ్రులు ఒప్పుకున్నారా? భిక్షాపాత్ర, చీవరాలు, అంటే కాషాయ బట్టలు, ఉన్నాయా? అన్నిటికీ నోటితో జవాబు చెప్పాలి.

తల్లిదండ్రుల ప్రశ్న వెనక ఒక కథ ఉంది. బుద్ధుడు కపిలవస్తు వచ్చినప్పుడు చిన్నవాడైన కొడుకు రాహులుణ్ణి శ్రామణేరుణ్ణి చేశారు. బుద్ధుడి తండ్రి శుద్ధోదనుడు వచ్చి మొరపెట్టుకున్నాడు. కొడుకు పోయాడు, ఇంకో కొడుకు నందుడు పోయాడు, ఇప్పుడు మనవడూ పోయాడు, ఆ బాధ చర్మాన్ని, మాంసాన్ని, ఎముకను చీల్చుకుంటూ పోతోంది అన్నాడు. అప్పటినుంచి అమ్మానాన్నల అనుమతి లేకుండా ఎవరికీ ప్రవ్రజ్య, అంటే సన్యాసం, ఇవ్వకూడదని బుద్ధుడు నియమం పెట్టాడు. ఒక తండ్రి ఏడిస్తే నియమం వచ్చింది. సంఘం నియమాల గ్రంథం వినయపిటకంలో నాకు నచ్చేది ఇదే. ప్రతి నియమం వెనకా ఎవరికో తగిలిన దెబ్బ ఉంటుంది.

ఇంకో నియమం కూడా ఈ విషయానికి సరిగ్గా అతుకుతుంది. ఉపసంపదకి మామూలుగా పదిమంది భిక్షువులు ఉండాలి. బుద్ధుడి శిష్యుడు మహాకాత్యాయనుడు అవంతిలో ఉన్నప్పుడు, సోణుడు అనే శిష్యుడికి ఉపసంపద ఇవ్వడానికి పదిమందిని పోగుచేసేసరికి మూడేళ్ళు పట్టింది. ఈ గోడు వినిపించాక బుద్ధుడు ప్రత్యంత దేశాల్లో, అంటే మారుమూల సరిహద్దుల్లో, వినయ నియమాలు తెలిసినవాడితో కలిపి ఐదుగురు చాలన్నాడు. అక్కడి నేల పశువుల గిట్టలు పడి గరుకుగా ఉంటుందని తెలిసి, మందం చెప్పులు వేసుకోవచ్చన్నాడు. రోజూ స్నానం చెయ్యొచ్చన్నాడు. ఉన్నచోటు మారితే నియమం కూడా మారొచ్చని మూలంలోనే ఉంది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

మళ్ళీ బుద్ధరక్షిత దగ్గరికి వద్దాం. కాషాయంతో సొంత దేశానికి వచ్చాడు. విదేశం పంపి చదివిస్తే ఉద్యోగం సంపాదించి, కారు కొనుక్కుని వస్తాడనుకుంటారు ఎక్కడైనా. కొడుకు గుండుతో, బట్టలో చుట్టుకున్న గిన్నెతో దిగాడు. వీధిలో కొందరు ఆ ఎర్రటి వస్త్రం చూసి మసాయి తెగవాడనుకున్నారట. గిన్నెని డప్పు అనుకున్నవాళ్ళూ ఉన్నారట. తమాషాగానే ఉంటుంది. కానీ భిక్షువుకి 227 నియమాలుంటాయి. మధ్యాహ్నం దాటాక తినకూడదు, డబ్బు ముట్టకూడదు, ఎవరైనా వడ్డిస్తేనే తినాలి. భిక్ష వేయడం అంటే ఏమిటో తెలియని ఊళ్ళో అలా బతకడం ఎంత కష్టమో ఊహించండి. 2005లో ఎంటెబే దగ్గర, విక్టోరియా సరస్సు వైపు, ఉగాండా బౌద్ధ కేంద్రం మొదలుపెట్టాడు. మొదట్లో తోడు నిలిచినవాళ్ళలో కన్నతల్లి ఒకరు. తర్వాత ఆవిడ కూడా సన్యాసిని అయింది. శుద్ధోదనుడి కథ విన్నాక ఈ మాట ఇంకోలా వినిపిస్తుంది కదా.

ఆ కేంద్రం చేసిన పనుల్లో నేను ముందుగా చెప్పేది బోరు. చుట్టుపక్కల జనానికి మంచినీళ్ళ కోసం బోరు వేయించారు. బిందెలు, పసుప్పచ్చ ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని జనం నీళ్ళకి వస్తారు. వచ్చినవాళ్ళకి కాషాయం కట్టుకున్న మనిషి కనబడతాడు. రోజూ కనబడతాడు. కేకలేయడు, తుపాకీ పట్టుకోడు, ఏ మతం అని అడగడు. ధ్యానం మాట తర్వాత సంగతి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, గాయపడ్డ మనసుకి మొట్టమొదట కావలసింది భయం లేని చోటు. మా వృత్తిలో దీన్ని ‘సేఫ్టీ’ అంటాం, పెద్ద కనిపెట్టినట్టు. బుద్ధుడి బోధల సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో ఆయన ఐదు శీలాలని ఐదు మహాదానాలు అంటాడు. నేను చంపను అని ఒకడు ఒట్టేసుకుంటే, లెక్కలేనన్ని ప్రాణులకి అభయం ఇచ్చినట్టు అంటాడు. మనం శీలాన్ని ఎప్పుడూ సొంత పుణ్యం ఖాతాలో వేసుకుంటాం. ఆయన దాన్ని ఎదుటివాడికి ఇచ్చే కానుకగా లెక్కగట్టాడు. యూనిఫాం కనబడితే ఒళ్ళు వణికే దేశంలో, ఇంకో రకం యూనిఫాం వేసుకుని, నా వల్ల నీకు హాని లేదు అని చూపిస్తూ తిరగడం ఉందే, నా ఉద్దేశంలో భిక్షువు చేసే వైద్యంలో సగం అదే.

ఇప్పుడు రెండో సంగతికి వస్తాను. కొంచెం బరువైన విషయం. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే లేచి బయటికెళ్ళి రండి, ఏమీ అనుకోను.

ఉగాండా ఉత్తరాన గులూ ప్రాంతంలో 1987 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు ‘లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ’తో యుద్ధం నడిచింది. జోసెఫ్ కోనీ ముఠా అది. పల్లెల మీద పడి పిల్లల్ని ఎత్తుకుపోయి, చేతికి తుపాకీ ఇచ్చి, సొంత ఊరివాళ్ళనే చంపించేవాళ్ళు. 2000 తర్వాత కొన్నేళ్ళ పాటు వేలాది పిల్లలు రోజూ సాయంత్రం చాప చంకన పెట్టుకుని, పల్లెల నుంచి కిలోమీటర్లు నడిచి టౌనుకొచ్చేవాళ్ళు. బస్టాండుల్లో, వరండాల్లో పడుకుని, తెల్లారి ఇంటికెళ్ళేవాళ్ళు. ఇంట్లో పడుకుంటే ఎత్తుకుపోతారని.

తప్పించుకుని తిరిగొచ్చినవాళ్ళకి అక్కడి ఆచోలీ జనం ఒక తంతు చేస్తారు. గుమ్మం ముందు ఒక పచ్చి గుడ్డు పెడతారు. దాన్ని ఒక చెట్టు రెమ్మ చీలికలో నిలబెడతారు. ధాన్యపు గాదె మూత ఎత్తే కర్ర పక్కనే పడుకోబెడతారు. వచ్చినవాడు గుడ్డు మీద కాలేసి, పగలగొట్టి, ఆ కర్ర దాటి లోపలికి అడుగుపెట్టాలి. గాదె కర్ర అంటే అర్థమయింది కదా, ఈ ఇంటి తిండిలో నీకు మళ్ళీ వాటా ఉంది అని. ఊరంతా నిలబడి చూస్తుంది. ఇందులో ధ్యానం లేదు, బుద్ధుడు లేడు. అయినా ఇది చెప్పకుండా ముందుకు పోలేను. ఆఫ్రికాకి మనశ్శాంతి మనం ఎగుమతి చేస్తున్నామనే భ్రమ ఎవరికైనా ఉంటే, ముందు ఈ గుడ్డు సంగతి వినాలి. దెబ్బ తిన్నవాడూ, దెబ్బ కొట్టినవాడూ ఒకే పిల్లవాడిలో ఉన్నప్పుడు ఏం చేయాలో వాళ్ళకి తెలుసు. మన దగ్గర హంతకుడిగా ఉండి భిక్షువైన అంగులిమాలుడి కథ ఉంది గానీ, అతను భిక్షకి వెళితే ఊళ్ళో వాళ్ళు రాళ్ళేశారు.

ఇక ఉగాండా పక్కనున్న రువాండా. 1994 ఏప్రిల్ నుంచి జూలై దాకా, సుమారు వంద రోజుల్లో హుటు తెగలోని తీవ్రవాదులు ఎనిమిది లక్షల మందికి పైగా టుట్సీ తెగవాళ్ళను, వాళ్ళని కాపాడబోయిన హుటులను చంపేశారు. చంపినవాళ్ళలో ఇరుగుపొరుగు ఉన్నారు. దాక్కోవడానికి చర్చిలకి వెళితే చర్చిల్లోనే చంపారు. న్యమాట, న్తరామా చర్చిలు ఇప్పుడు స్మారకాలు. ఏప్రిల్ అంటే అక్కడ వానలు పడే కాలం. ఆ వానల్లోనే జనం పాపిరస్ రెల్లు మొలిచిన చిత్తడిలో, మెడ దాకా బురదలో కూర్చున్నారు. ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 7 నుంచి సంతాప వారం జరుపుతారు. సభ జరుగుతుంటే హఠాత్తుగా ఒకరు కేక పెడతారు. ఆ కేక విని ఇంకొకరు పడిపోతారు. జాకెట్లు తొడుక్కున్న సహాయకులు వాళ్ళని ఎత్తుకుని పక్క డేరాలోకి తీసుకెళతారు. ఇరవై, ముప్పై ఏళ్ళయినా సరే. మనసు మర్చిపోయిందనుకున్నా ఒంటికి క్యాలెండరు తెలుసు. వాన వాసన చాలు.

ఈ స్థితి గురించి అక్కడి వైద్యులు రాసినవి చదివితే ముందుగా కనబడే లక్షణం ఊపిరాడకపోవడం. గుండెలో ఏదో అడ్డుపడి, ఇక చచ్చిపోతున్నానన్నంత భయం. ఇప్పుడు ఒక ప్రశ్న. అలాంటి మనిషిని కూర్చోబెట్టి, కళ్ళు మూసుకో, నీ శ్వాసనే గమనించు అంటే ఏమవుతుంది? (సభలో ఒకరు: ఇంకా భయపడతారు.) కరెక్ట్ అండీ. కళ్ళు మూయగానే చిత్తడి నేల కనబడుతుంది. శ్వాస మీద ధ్యాస పెట్టగానే ఆ ఊపిరాడనితనమే గుర్తొస్తుంది. మేం దీన్ని క్లినిక్కుల్లో కూడా చూస్తాం. ధ్యానం అందరికీ మంచిదే, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు అని చెప్పేవాళ్ళు ఆ పరిస్థితిలో ఉన్న మనిషి పక్కన ఎప్పుడూ కూర్చోలేదని నాకు అర్థమవుతుంది.

ఈ సంగతి కొత్తదేం కాదు. సంయుత్త నికాయంలో వైశాలి కథ ఒకటుంది. వినయపిటకంలో కూడా ఉంది. బుద్ధుడు భిక్షువులకి అశుభ భావన నేర్పాడు, అంటే శరీరంలోని రోత గురించి ధ్యానం. నేర్పి, ఒక పక్షం పాటు ఏకాంతంలోకి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే సంఘం పలచబడి ఉంది. ఏమైందని శిష్యుడు ఆనందుణ్ణి అడిగాడు. ఒంటి మీద అసహ్యం పుట్టి చాలామంది ప్రాణాలు తీసుకున్నారని చెప్పాడు ఆనందుడు. చెప్పి, ఇంకేదైనా పద్ధతి చెప్పండి అని వేడుకున్నాడు. అప్పుడు బుద్ధుడు అందరినీ పిలిపించి ఆనాపానసతి, శ్వాస మీద ధ్యానం నేర్పాడు. వేసవి చివర అకాలంగా కురిసిన పెద్ద వాన ఎగిరే దుమ్మునంతా అణిచేసినట్టు ఇది పనిచేస్తుందన్నాడు.

ఈ కథని చాలామంది ఉపన్యాసకులు దాటేస్తారు, ఇబ్బందిగా ఉంటుందని. నాకు మాత్రం దీని మీదే గురి. ధ్యానం వికటించింది అని ఆ గ్రంథాలే ఒప్పుకున్నాయి. పద్ధతి మార్చారు అని కూడా రాసుకున్నాయి. చెప్పుల సంగతి గుర్తుంది కదా? కాబట్టి రువాండాలో శ్వాస కూడా వికటిస్తే, దాన్నీ పక్కన పెట్టి ఇంకోటి పట్టుకోవడం బౌద్ధానికి విరుద్ధమేం కాదు.

ఇంకోటి అంటే ఏమిటి? చేసి చూద్దాం. రెండు నిమిషాలు. కాలు మీద కాలు వేసుకున్నవాళ్ళు తీసేయండి. చెప్పులు విప్పితే మంచిది. కళ్ళు తెరిచే ఉంచండి. అరికాళ్ళతో నేలని మెల్లగా నొక్కండి. చల్లగా ఉందా? గచ్చు మీద ఇసక తగులుతోందా? ఇప్పుడు వేళ్ళు మాత్రం నొక్కండి... ఇప్పుడు మడమలు. కుర్చీ వీపుకి ఎక్కడ తగులుతోందో చూడండి. తల తిప్పి ఈ గదిలో ఐదు వస్తువులు చూడండి. పేర్లు మనసులో అనుకోండి. బీరువా, గడియారం, ఏదైనా సరే. ఇప్పుడు చప్పుళ్ళు. ఫ్యాను... బయట ఆటో. ఎవరో దగ్గారు. పక్కవాళ్ళని ఒకసారి చూడండి. చాలు.

ఇంతే. మీలో ఒకరిద్దరు నవ్వుకున్నారు, ఇదేం ధ్యానం అని. తలలో తుపాను ఉన్నవాడికి ఇది చాలా పెద్ద పని. నేను ఇక్కడ ఉన్నాను, ఇది ఈ రోజు, ఆ రోజు కాదు అని ఒంటికి తెలియజెప్పడం. ధ్యానం గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో కాయానుపస్సన, అంటే ఒంటిని గమనించడం, అన్నదాంట్లో నడక, నిలబడడం, కూర్చోవడం అన్నీ ఉన్నాయి. పాదాలు ఎక్కడికీ పోలేదు.

మీరు ఇప్పుడు చేసినటువంటిదే ఉగాండాలో రైనో క్యాంపు అనే శరణార్థి శిబిరంలో చేయించారు. పక్కనున్న దక్షిణ సూడాన్‌లో 2013 డిసెంబరులో యుద్ధం మొదలై, 2016 జూలైలో మళ్ళీ ఎగసింది. లక్షల మంది సరిహద్దు దాటి ఉగాండాకి వచ్చారు. ఉగాండా గురించి ఒక మంచి మాట చెప్పాలి. శరణార్థుల్ని ముళ్ళకంచె వెనక పెట్టకుండా, గుడిసె వేసుకుని కూరగాయలు పండించుకోమని తలా కాస్త నేల ఇస్తారు. కానీ సైకియాట్రిస్టులు దేశం మొత్తం మీద చాలా తక్కువ మందే. అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘సెల్ఫ్ హెల్ప్ ప్లస్’ అనే పద్ధతి తయారుచేసింది. ఐదు సమావేశాలు, ఒక్కోటి సుమారు రెండు గంటలు. ఇరవై ముప్పైమంది ఆడవాళ్ళు కలిసి కూర్చుంటారు. రికార్డు చేసిన గొంతు వాళ్ళకి అలవాటైన జూబా అరబిక్‌లో మాట్లాడుతుంది. స్పీకరు పక్కన కాస్త తర్ఫీదు పొందిన మామూలు మనిషి ఉంటారు, డాక్టరు కాదు. చదవడం రానివాళ్ళు కూడా చూసి తెలుసుకునేలా బొమ్మల పుస్తకం ఇస్తారు. అందులో మొదటి పాఠం ఇదే: పాదాలు నేలకి నొక్కు, ఊపిరి నిదానించు, చుట్టూ ఏముందో చూడు.

దాదాపు ఏడు వందల మంది ఆడవాళ్ళతో, ఊళ్ళను రెండు జట్లుగా విడదీసి పరీక్షించి, 2020లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఫలితాలు వేశారు. మూడు నెలల తర్వాత కూడా ఇది నేర్చుకున్నవాళ్ళలో మనోవ్యథ రెండో జట్టు కన్నా తగ్గి ఉంది. అద్భుతం జరిగిందని చెప్పను, కొంత తగ్గింది. రేషను సరిపోని చోట, భర్త ఏమయ్యాడో తెలియని ఆడమనిషికి కొంత తగ్గడం అంటే రాత్రి నిద్ర పట్టడం, పిల్ల మీద చెయ్యి చేసుకోకుండా ఆగడం.

బుద్ధుడి పేరు అందులో ఎక్కడా లేదు. అది సబబే. ఆ శిబిరంలో ఎక్కువమంది క్రైస్తవులు, ప్రార్థన వదలకుండానే పాదాలు నొక్కుతారు. మతం మారుస్తున్నారన్న టెన్షన్ పెట్టడం దేనికి?

జింబాబ్వే కథ క్లుప్తంగా చెప్తాను. దేశానికి పది పన్నెండుమంది సైకియాట్రిస్టులు ఉన్న కాలంలో డిక్సన్ చిబాండా అనే డాక్టరు దగ్గరికి రావలసిన ఒక అమ్మాయి, బస్సు ఛార్జీకి డబ్బుల్లేక రాలేక, ప్రాణం తీసుకుంది. ఆ దెబ్బతో ఆయన 2006లో హరారేలోని మ్బరే పేటలో 14 మంది బామ్మలకి తర్ఫీదు ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద బెంచీ వేయించాడు. మొదట దానికి మానసిక ఆరోగ్య బెంచీ అని పేరు పెడితే ఒక్కరూ కూర్చోలేదు. బామ్మలే చెప్పారు, నాయనా, ఆ పేరు మార్చు అని. స్నేహపు బెంచీ అయింది. 2016లో 573 మందితో చేసిన పరీక్షలో ఆరు నెలల తర్వాత కుంగుబాటు బాగా తగ్గింది. అది కూడా ధ్యానం కాదు. ఒక ముసలామె పక్కన కూర్చుని, తొందరపడకుండా పూర్తిగా వినడం. దానికీ ఎరుక కావాలి. మా క్లినిక్కుల్లో ఫోను చూడకుండా అరగంట వినేవాళ్ళు తక్కువే, నాతో కలిపి.

పటాచార కథ తెలుసా? చనిపోయిన బిడ్డ కోసం ఆవాలు అడుగుతూ తిరిగిన కిసాగోతమి అందరికీ తెలుసు. పటాచారని పెద్దగా తలుచుకోం. శ్రావస్తిలో గొప్పింటి పిల్ల, ఇంట్లో పనివాడితో వెళ్ళిపోయింది. రెండో కాన్పుకి పుట్టింటికి బయల్దేరితే దారిలో గాలివాన. భర్త పాము కాటుకి పోయాడు. ఏరు దాటుతుంటే పసిగుడ్డుని డేగ తన్నుకుపోయింది, పెద్దవాణ్ణి నీళ్ళు లాక్కుపోయాయి. ఊరు చేరేసరికి ఇల్లు కూలి అమ్మ, నాన్న, అన్న ఒకే చితి మీద ఉన్నారు. ఆమెకి మతి తప్పింది. ఒంటి మీద బట్ట జారిపోయినా తెలియకుండా తిరిగింది. జనం పిచ్చిదని తరిమారు, మట్టి విసిరారు. బుద్ధుడు ఉన్న జేతవనంలోకి వస్తుంటే అక్కడివాళ్ళూ అడ్డుకోబోయారు. రానివ్వండి అన్నాడు బుద్ధుడు. ‘సోదరీ, స్మృతి తెచ్చుకో’ అన్నాడు. ఆమెకి ఒంటి మీద బట్ట లేదని తెలిసింది. సిగ్గుతో కూలబడింది. ఎవరో ఒకాయన తన ఉత్తరీయం తీసి విసిరాడు. అది కప్పుకుంది. బోధ ఆ తర్వాత.

ఆ ఉత్తరీయం విసిరినాయన పేరు కథలో లేదు. నాకు మాత్రం ఆయన బాగా గుర్తుంటాడు. ఆ తర్వాత పటాచార భిక్షుణి అయి, బిడ్డల్ని పోగొట్టుకున్న ఎందరో ఆడవాళ్ళని ఓదార్చింది. థేరీగాథలో వాళ్ళ పాటలున్నాయి. దెబ్బ తిన్నవాళ్ళే దెబ్బ తిన్నవాళ్ళకి గురువులు కావడం అంటే ఇదే.

ఇక్కడ కాస్త కోపం చూపించుకుంటాను, ఏమనుకోకండి. మొన్నామధ్య ఒక కంపెనీ వాళ్ళు, పేరెందుకు లెండి, ఉద్యోగులకి మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు చెప్పమని పిలిచారు. పిల్లలంతా కళ్ళ కింద నల్లగా, అలసిపోయి ఉన్నారు. రాత్రి పదకొండుకి కూడా మెసేజులు వస్తాయట. మేనేజరు గారిని అడిగాను, పని గంటలు తగ్గించగలరా అని. ‘మేడమ్, అందుకే కదా మిమ్మల్ని పిలిచింది’ అన్నారు. (నవ్వులు) రైనో క్యాంపులో బుద్ధుడి పేరు తీసేస్తే నాకు బాధ లేదు. ఇక్కడ తీసేసింది శీలాన్ని. కొట్టే చెయ్యి కొడుతూనే ఉంటుంది, నువ్వు మాత్రం శ్వాస గమనించు అంటే అది బుద్ధుడు చెప్పింది కాదు.

సమయం అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక యువకుడు: మేడమ్, నాకు నిజంగానే భిక్షువు కావాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?)

బాగుంది. అప్పులున్నాయా బాబూ?

(హోమ్ లోన్ ఉందండీ.) (నవ్వులు)

అయితే సంఘం ఒప్పుకోదు. నవ్వులాటకి అనడం లేదు, అడుగుతారు. లోన్ తీరేలోగా ఎక్కడైనా విహారంలో ఉపాసకుడిగా కొన్నాళ్ళు ఉండి చూడు. గిన్నెలు తోమించుకుంటారు. అప్పటికీ కావాలనిపిస్తే ఇంట్లో మాట్లాడు. అమ్మతో ముందు.

(ఒక మహిళ: మావారికి యాక్సిడెంట్ అయి ఏడాది దాటిందండీ. కారులో పక్కనున్న వాళ్ళ తమ్ముడు పోయాడు. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తారు. కారెక్కరు. పదిరోజుల విపశ్యన కోర్సుకి పంపమంటున్నారు అందరూ. పంపమంటారా?)

అమ్మా, ముందు కూర్చోండి. మంచినీళ్ళు ఇవ్వండి ఎవరైనా. ఇప్పుడే పంపకండి. పదిరోజులు మౌనంగా, రోజుకి పది గంటలు కళ్ళు మూసుకుని కూర్చోవడం ఇప్పుడున్న స్థితిలో ఆయనకి భారం కావచ్చు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త ఉంది, మంచి చోటు. దరఖాస్తులోనే మానసిక ఇబ్బందుల గురించి అడుగుతారు. అది దాచిపెట్టి మాత్రం ఎవరినీ పంపకూడదు. ముందు సైకియాట్రిస్టుకి చూపించండి. మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి. 14416 కి ఫోన్ చేస్తే, టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. రాత్రి ఉలిక్కిపడి లేచినప్పుడు ఏమైందని అడగకండి. లైటు వేయండి. పాదాలు నేల మీద పెట్టమనండి. ఇది మన ఇల్లు, ఇవాళ ఫలానా వారం అని చెప్పండి. ఆయన సరేనంటే చెయ్యి పట్టుకోండి. ఆయన ఇప్పుడు ఇంట్లో ఒక్కరే ఉన్నారా?

(లేదండీ, మా అత్తగారున్నారు.)

సరే. సభ అయ్యాక ఒక పది నిమిషాలు ఉండండి, మనిద్దరం మాట్లాడుకుందాం. నంబరు ఇంకోసారి చెబుతున్నాను, అందరూ రాసుకోండి: 14416.